పత్తి బోరెంలో పరమాణువు

పరమాణువు లోపల ఏముంటుందని అడిగావు కదా భానూ. దుప్పటి కప్పుకో, చెబుతాను.

అనగనగా పత్తి పండే ఒక ఊళ్ళో సుంకమ్మ అనే రైతు ఉండేది. పత్తిని బోరెంలో, అంటే పెద్ద గోతంలో తొక్కి, మూతి కుట్టి అంగడికి తెచ్చింది. అది మరీ బరువుగా ఉంది. కుట్టు విప్పితే ఆ రోజు బేరం లేదని అక్కడి కట్టుబాటు. విప్పకుండానే లోపల ఏముందో చెప్పాలి.

అప్పుడు దళారి వచ్చి, పైన తట్టి, "అంతా పత్తే" అన్నాడు.

ఆ తర్వాత హంపయ్య మేస్త్రి వచ్చాడు. పత్తి చూడడంలో ఆయన మాటకు తిరుగులేదు. చేత్తో నొక్కి, "లడ్డూలో కిస్మిస్‌లా పత్తినిండా మట్టిబెడ్డలు కలిపింది. వెనక్కి పంపండి" అన్నాడు.

బోరెం తిరిగొస్తే సుంకమ్మకు వచ్చే ఏటి విత్తనాలకు డబ్బు ఉండదు.

అప్పుడు మేస్త్రి దగ్గర పని నేర్చుకుంటున్న ఈరమ్మ పొడవాటి ఇనుప ఊచ తీసింది.

"ఏమ్మే, నా చెయ్యి కన్నా నీ ఊచకు ఎక్కువ తెలుసా?" అన్నాడు హంపయ్య.

"ఊచకేం తెలుసు మేస్త్రీ. పొడిచి చూస్తే మనకు తెలుస్తుంది."

పాతిక చోట్ల పొడిచింది. ఊచ అడ్డు లేకుండా అవతలికి వచ్చింది. ఆ తర్వాత నడిమధ్యన ఒక్కచోట టక్కుమని తగిలి వెనక్కి తన్నింది.

"మట్టి అంతటా ఉంటే అన్నిచోట్లా తగలాలి కదా. మధ్యలో గట్టిది ఒకటే ఉంది" అంది.

సుంకమ్మ నుదురు కొట్టుకుంది. "సగం నింపిన రోజు గాలి వీచింది. పత్తి ఎగరకుండా రాయి పెట్టినాను. మరునాడు మరిచిపోయి దాని మీదే తొక్కినాను."

హంపయ్య తానే మూడుసార్లు పొడిచి చూశాడు. ఆ తర్వాత అందరికీ వినబడేలా, "నేను చెప్పింది తప్పు. పత్తి మంచిది. రాయి తీయండి. రేపు మొదటి బేరం ఈ బోరెందే" అన్నాడు.

పరమాణువు సంగతీ ఇంతే భానూ. మొదట గట్టి గోళీ అన్నారు. ఆ తర్వాత ముద్దలో గింజల్లా ఎలక్ట్రాన్లు పొదిగి ఉంటాయని ఒక గురువు అన్నాడు. అప్పుడు ఆయన శిష్యుడే పరీక్ష పెట్టించాడు. పల్చటి బంగారు రేకు మీదికి కంటికి కనపడని కణాలను వదిలితే, దాదాపు అన్నీ దూసుకుపోయాయి. ఏవో కొన్ని వెనక్కి తిరిగాయి. బోరెంలో పత్తి ఉన్నచోట పరమాణువులో ఉన్నది ఖాళీ. నడిమధ్యన బరువంతా మోసే చిన్న కేంద్రకం. దాని చుట్టూ ఎలక్ట్రాన్లు.

పరీక్షించకుండా ఒకరి మీద మాట వేయకు. నీ మాట తప్పని తెలిస్తే, నలుగురిలో అన్నది నలుగురిలోనే ఒప్పుకో.

"కేంద్రకం లోపల ఏముంది అమ్మమ్మా?"

ప్రోటాన్లు, న్యూట్రాన్లు. వాటి లోపల ఏముందో నాకు తెలియదు. తెలియనిది చెప్పను. నువ్వే చదివి నాకు చెప్పు.

కథేమో కంచికి,
మనమేమో నిద్దరింటికి,
ప్రశ్నేమో భాను వంతుకి.