ఏడవని తల్లికి గొంతు

పైడమ్మ ఏడుపుని మూడోసారి కూడా వద్దన్నారు.

వద్దనిపించుకోవడం ఆమెకి కొత్త. కృష్ణానగర్ డబ్బింగ్ థియేటర్లలో ఏడుపు కావాలంటే ముందు పైడమ్మకే ఫోన్ వస్తుంది. కొడుకు పోయిన ఏడుపు, కోడలు గెంటేసిన ఏడుపు, ఎవరో పోతే పక్కింటివాళ్ళు మర్యాదకి ఏడ్చే ఏడుపు, ఏది అడిగితే అది, ఎంతసేపంటే అంతసేపు. చదువు రెండో తరగతితో ఆగిపోయింది కాబట్టి డైలాగు కాగితం ఆమెకి పనికిరాదు. ఒకసారి చెవిలో వేస్తే చాలు, తెరమీద పెదవి ఎంత కదిలితే అంతే మాట పట్టేస్తుంది.

ఆ పట్టు నేర్పింది మాణిక్యాంబగారు. నలభై ఏళ్ళు సినిమాల్లో తల్లులకి గొంతిచ్చిన మనిషి. ఇప్పుడు గొంతు బొంగురుపోయి ఇంట్లోనే ఉంటోంది.

పైడమ్మ థియేటర్ నుంచి తిన్నగా ఆవిడ ఇంటికే వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే మొదలెట్టింది.

"అమ్మా, ఈ కొరియావాళ్ళకి ఏడవడం రాదు."

"ముందు లోపలికి రా. మంచినీళ్ళు తాగు."

పైడమ్మ చెంబెత్తి గటగటా తాగింది. మూతి తుడుచుకుంది.

"చైనావాళ్ళు నయం. ఆ రాజుల సీరియళ్ళలో రాణులు బాగానే ఏడుస్తారు. కాకపోతే ఎంత ఏడ్చినా కొప్పులో పువ్వు కదలదు, అదొక్కటే నాకు నచ్చదు. జపాను సినిమాలో ఇంటాయన పోయాడంటే ఇంటిల్లిపాదీ మోకాళ్ళ మీద కూర్చుని ఒకళ్ళకొకళ్ళు వంగి వంగి దణ్ణాలు పెట్టుకున్నారు. ఒక్కళ్ళైనా తల బాదుకుంటే ఒట్టు. ఇక కొరియా అంటారా, తిండే తిండి. పెళ్ళి కుదిరితే తింటారు, చెడిపోతే తింటారు, దెబ్బలాడుకుంటూ మధ్యలో ఆపి మరీ తింటారు. నూడుల్సు జుర్రే చప్పుడు చేసి చేసి నా బుగ్గలు లాగేస్తున్నాయి."

"అంత కష్టమైతే ఇంటికెళ్ళాక కూడా ఫోన్లో అవే ఎందుకు చూస్తావు?"

"బాగుంటాయి కదమ్మా!" అంది పైడమ్మ, అడగాల్సిన మాటేనా అన్నట్టు. "నాకు అర్థం కానిది ఒక్కటే. గుమ్మంలో చెప్పులు మనలాగే విడుస్తారు. జ్వరమొస్తే మనలాగే జావ కాస్తారు. ఎవరైనా ఎదురైతే చాలు, మనలాగే అన్నం తిన్నావా అంటారు. అన్నీ మనలాగే చేసుకొచ్చి తీరా ఏడవాల్సిన చోటకొచ్చేసరికి వాళ్ళకి ఏటవుతుందో తెలీదు."

మాణిక్యాంబ గోడకి చేరబడి కూర్చుంది. "ఇవాళ ఏమైంది?"

పైడమ్మ కొంచెం తగ్గింది. నేలమీద కూలబడి చెప్పడం మొదలెట్టింది.

కొరియా సీరియల్లో సముద్రం పక్కన ఒక ఊరు. అక్కడ ఒకావిడ చారు కాచి అమ్ముకుంటుంది. ఒక్కడే కొడుకు, చేపల పడవ మీద వేటకెళ్ళాడు. ఈవిడ బేసినెడు మొలకలు ముందేసుకుని ఒక్కొక్కదానికీ తోక తుంచుతోంది. ఫోనొచ్చింది. పడవ మునిగిపోయిందని చెప్పారు.

"దానికి ఆవిడ అన్నది ఒక్క మాటమ్మా. 'ఊఁ, అలాగా.' అంతే. ఫోన్ పెట్టేసి మళ్ళీ తోకలు తుంచుతోంది. బేసిను మొత్తం అయ్యేదాకా చూపించారు. ఎవరైనా చూస్తారా అది?"

"నువ్వు చూశావుగా."

"నేను పని కోసం చూశాను." పైడమ్మ చూపు తిప్పుకుంది. "మొదటి టేకులో ఆ 'అలాగా'ని సాగదీసి, మెల్లిగా రాగంలోకి దించాను. డబ్బింగ్ చెప్పించే ఫణీంద్ర ఆపేశాడు. 'పిన్నిగారూ, ఆమె పెదవి మూసుకునే ఉంది, మీరెక్కణ్ణుంచి ఏడుస్తున్నారు?' అన్నాడు. రెండోసారి నోరు మూసుకుని లోపల్లోపల కుమిలాను. వద్దన్నాడు. మూడోసారి ఒక్కసారి ముక్కు ఎగబీల్చానంతే. అదీ వద్దట. సరే బాబూ అని ఏడుపు మొత్తం తీసేసి చెప్పాను. ఇవాళ పాలు రాలేదని చెబితే 'అలాగా' అన్నట్టుందన్నాడు."

మాణిక్యాంబ నవ్వు ఆపుకుంది.

"నవ్వకండమ్మా. రేపు పదింటికి ఆఖరిసారి చూస్తాడట. ఇది కుదిరితే పదహారు భాగాలూ నావి. కుదరకపోతే వేరే గొంతు. ఎనిమిదేళ్ళ నుంచి ముక్కలు ముక్కలుగా ఏడుస్తున్నాను. ఇక్కడో కేక, అక్కడో గోల. ఒక మనిషిని మొదలు నుంచి చివరిదాకా నా చేతిలో పెట్టడం ఇదే మొదలు." చివరికి తేల్చేసింది. "నా మట్టుకు నాకు, ఆవిడకి కొడుకంటే ఇష్టం లేదు. రాతి మనిషి."

మాణిక్యాంబ లేచి వంటింట్లోకి వెళ్ళి నాలుగు గోంగూర కట్టలు, చాటా తెచ్చి పైడమ్మ ముందు పెట్టింది.

"ఊరికే కూర్చోలేవు కదా. ఇది తుంచు."

పైడమ్మ కట్ట విప్పి ఆకు తుంచడం మొదలెట్టింది. చేతులు పనిలో పడితే ఆమె నోరు కాస్త నెమ్మదిస్తుంది. మనసు మాత్రం ఎక్కడికో పోయింది.

రాతి మనిషి అన్న మాట ఆమె సొంతం కాదు. ఒకప్పుడు ఆమెని అన్నదే. మొగుడు సింహాచలం మేస్త్రీ. పరంజా మీంచి పడి పోయాడని ఫోనొచ్చిన మధ్యాహ్నం, పైడమ్మ మొట్టమొదట చేసిన పని మేడమీదకి వెళ్ళి దండెం మీద బట్టలు తియ్యడం. మబ్బు పట్టింది మరి. ఆడపడుచు ఆ సంగతి ఇప్పటికీ పదిమందిలో చెబుతుంది. "మా అన్న పోయాడంటే ఇదేటి చేసిందో తెలుసా? బట్టలు తీసుకుంది. రాతి మనిషి."

పదకొండు రోజులూ వచ్చినవాళ్ళంతా తలా ఒక తీరుగా ఏడ్చారు. పైడమ్మ కాఫీలందిస్తూ విన్నది. ఏ ఏడుపు ఎక్కడ ఎత్తుకుని ఎక్కడ దించుతారో అన్నీ చెవిలో ఉండిపోయాయి. ఏడాది తర్వాత ఒకరోజు, కింది వాటాలో ఉండే మాణిక్యాంబగారి దగ్గర వాటిని వరసగా చేసి చూపించింది. ఆడపడుచుది ఇలా, తోడికోడలిది ఇలా అని. నవ్విద్దామనుకుంది. ఆవిడ నవ్వలేదు. మర్నాడే థియేటర్‌కి తీసుకెళ్ళింది.

అలా అందరి ఏడుపులూ పైడమ్మకి కూడు పెట్టాయి. తనది మాత్రం ఎన్నడూ రాలేదు. పుట్టుకలోనే తనకి ఏదో ఒక నరం తక్కువైందేమోనన్న అనుమానం మాత్రం ఉండిపోయింది. అది ఎవరికీ చెప్పుకోలేదు.

లోపలి గదిలో ఫోన్ మోగింది. మాణిక్యాంబ వెళ్ళి మాట్లాడి వచ్చింది. నెమ్మదిగా కూర్చుని, తనూ ఒక కాడ చేతిలోకి తీసుకుంది.

"పైడమ్మా, నువ్వు రేపు రానక్కర్లేదట. వేరే ఆవిడని చూసుకున్నారట."

పైడమ్మ చెయ్యి ఆగలేదు.

"ఊఁ," అంది. "అలాగా."

ఒక ఆకు తుంచింది. ఇంకో ఆకు తుంచింది. ఆ కట్ట అయిపోతే ఇంకో కట్టకి దారం విప్పింది. చిల్లులు పడ్డ ఆకు ఏరి పక్కన పెట్టింది. కిటికీలోంచి పక్కింటి కుక్కరు కూత వినపడింది, ఆగింది.

"ఈ కాడలు పారేయనామ్మా?" అంది చాలాసేపటికి.

మాణిక్యాంబ ఆమెనే చూస్తోంది.

"ఫోన్ చేసింది గ్యాసువాళ్ళు," అంది.

అప్పుడు ఆగాయి పైడమ్మ చేతులు. గురువు ముఖం వైపు చూసింది. చాటలో పేరుకున్న ఆకు వైపు చూసింది. వేళ్ళు తిప్పి చూసుకుంది. గోళ్ళ చివర్లు పచ్చబడి ఉన్నాయి. మూడు కట్టలు అయిపోయాయి, ఎప్పుడయ్యాయో ఆమెకి తెలీదు.

కోప్పడుతుందేమో అనుకుంది మాణిక్యాంబ. పైడమ్మ కోప్పడలేదు. ఆ వేళ్ళు కొంగుకి తుడుచుకుంది.

"ఆ రోజు దండెం మీద ఎనిమిది బట్టలున్నాయమ్మా. రెండు ఆయన చొక్కాలు."

"తీసి ఏం చేశావు?"

"మడత పెట్టాను."

మాణిక్యాంబ మిగిలిన కట్టని ఆమె వైపు జరిపింది.

"రేపు పదింటికేగా," అంది. "తుంచు."