నాగరత్నం గుండిగ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగు ఒడ్డున నిటారుగా ఒక కొండ. ఆ కొండకి కింది నుంచి పైదాకా బొరియలే బొరియలు. ఒక్కో బొరియ ముందు మూరెడు రాతి అరుగు. వాగు పొంగి నేల మీది ఇళ్ళన్నీ కొట్టుకుపోయిన ఏడాది, జంతువులన్నీ వెళ్ళి ఆ కొండకి చేరాయి. ఇరుకైతే మాత్రం ఏం చేస్తాయి పాపం! ఒకరి నెత్తిన ఒకరు కాపురం పెట్టాయి.

పై వరసలో ఒక ముంగిస ఉండేది. దాని పేరు నాగరత్నం. ముంగిసకి ఆ పేరేమిటని నన్నడక్కండి, అది వాళ్ళ నాన్న సరదా. నాగరత్నానికి ఒక్కగానొక్క కూతురు, పేరు మువ్వ. వరదలో నానినప్పటి నుంచీ మువ్వకి దగ్గు పట్టుకుంది. ఖళ్ళు ఖళ్ళుమని దగ్గుతుంటే తల్లి రాత్రంతా వీపు నిమురుతూ కూర్చునేది.

దగ్గుకి వామాకు రసం మంచిదని అందరికీ తెలుసు. కానీ అడవిలో వామాకు అంతా వరదపాలైంది. నాగరత్నం మూడు రోజులు వెతికితే ఒకే ఒక్క కొమ్మ దొరికింది. అది బతికితేనే మువ్వకి మందు. దాన్ని నాటడానికి కొండ మీద మట్టి ఎక్కడుంది? అంతా రాయే. అందుకని ఒక కుండీ కావలసి వచ్చింది.

కొండ కింద ఒక కోతి ఉండేది. వనభోజనాలకి వచ్చిన మనుషులు మరిచిపోయిన సామానంతా తెచ్చి దాచుకునేది. నాగరత్నం అడగ్గానే మూడు పాత్రలు తెచ్చి ముందు పెట్టింది.

"ఇది రేకుడబ్బా అక్కా. తేలికే కానీ ఎండకి కాలిపోతుంది. ఇది అడుగున చిల్లిపడ్డ మట్టికుండ. ఇదేమో ఇత్తడి గుండిగ, చూడు ఎలా మెరిసిపోతోందో!" అంది కోతి.

నాగరత్నం గుండిగలోకి తొంగి చూసింది. తన మొహం బంగారు రంగులో కనిపించింది. ఇంకేముంది, మనసు దాని మీద పడిపోయింది.

పక్కనే ఏదుపంది తాత కూర్చుని ఉన్నాడు. ఆయన పేరు పాపయ్య. కొండ మీద ఎవరు ఏం నాటాలన్నా ఆయన్నే అడుగుతారు.

"అమ్మాయ్, ఆ చిల్లికుండ తీసుకో," అన్నాడు పాపయ్య తాత.

"చిల్లికుండా? చూసినవాళ్ళు నవ్విపోతారు తాతా!"

"నవ్వితే నవ్వనీ. చిల్లి ఉంటేనే ఎక్కువైన నీళ్ళు కిందికి పోతాయి. గుండిగలో నీళ్ళు పోయేదారేదీ? సరే, నీ ఇష్టం. కానీ ఈ కొండ మీద మనకో పద్ధతుంది. ఏ పాత్రయినా మట్టి నింపి, నిండా నీళ్ళు పోసి, అప్పుడు ఎత్తి చూడాలి. నువ్వు ఎత్తలేనిది నీ అరుగూ మొయ్యలేదు. ఆ తర్వాత కింది ఇంటివాళ్ళని పిలిచి చూపించాలి. మర్చిపోకు."

నాగరత్నం ఖాళీ గుండిగని ఒంటిచేత్తో ఎత్తేసింది. "ఇంతే కదా తాతా! దూదిలా ఉంది," అంది.

పాపయ్య తాత తల అడ్డంగా ఊపాడు. నాగరత్నం అప్పటికే సగం కొండ ఎక్కేసింది. గుండిగని అరుగు చివర, అందరికీ కనిపించేలా పెట్టింది. తర్వాత తట్టెడు తట్టెడు మట్టి మోసుకొచ్చి నింపింది. వామాకు కొమ్మ గుచ్చింది. నీళ్ళు పోసి ఎత్తి చూడలేదు. కింది ఇంట్లో ఉండే పావురం సూరమ్మని పిలవనూ లేదు. పిలిస్తే ఏదో ఒక వంక పెడుతుందని భయం.

సూరమ్మ తన అరుగు మీదే గూడు కట్టుకుంది. అందులో రెండు పిల్లలు. ఇంకా ఈకలైనా రాలేదు, ఎర్రగా వణుకుతూ ఉన్నాయి. పైన గుండిగ మెరుస్తుంటే సూరమ్మ కూడా తలెత్తి చూసి, "బాగుంది నాగరత్నం!" అంది. నాగరత్నం పొంగిపోయింది.

మొదటి వాన పడింది. గుండిగలో మట్టి తడిసి ముద్దయింది. నీళ్ళు ఎటూ పోలేదు. వామాకు కొమ్మ మొదలు దగ్గర కొంచెం మెత్తబడింది. "కొత్త కదా, సర్దుకుంటుందిలే," అనుకుంది నాగరత్నం.

రెండో వాన పడింది. గుండిగ అంచుదాకా నీళ్ళు నిలిచాయి. వాన తగ్గాక నాగరత్నం బయటికొచ్చి చూస్తే అరుగు మీద వెంట్రుకంత సన్నటి బీట కనిపించింది. గుండిగని లోపలికి లాగుదామని రెండు చేతులూ వేసి పట్టుకుంది. గుండిగ అంగుళం కూడా కదల్లేదు.

అదే సమయానికి కింద నుంచి సూరమ్మ కేకేసింది.

"నాగరత్నం! నా గూట్లో రాతిపొడి రాలుతోందే! ఏంటది?"

నిజం చెబితే గుండిగ తీసెయ్యమంటుంది. కొండంతా తెలుస్తుంది. పాపయ్య తాత ముందు తల ఎక్కడ పెట్టుకోవాలి?

"అదా అక్కా, పాత బీటేలే! నేనొచ్చినప్పటి నుంచీ ఉంది," అంది నాగరత్నం.

"ఓ, పాతదా? సరేలే తల్లీ," అని సూరమ్మ పిల్లల మీద రెక్క కప్పుకుని కూర్చుంది.

నాగరత్నం ఆ పూట అన్నం తినలేకపోయింది. మువ్వ దగ్గుతూ దగ్గరికొచ్చింది.

"అమ్మా, సూరమ్మ పెద్దమ్మకి అబద్ధం ఎందుకు చెప్పావు?"

"నోర్ముయ్! పెద్దవాళ్ళ మాటల్లో నీకెందుకు?" అని కసిరింది. కసిరాక ఇంకా భయం వేసింది.

మర్నాడు పొద్దెక్కేసరికి మూడో వాన వచ్చింది. వాన అంటే వాన కాదు, ఆకాశానికి చిల్లిపడ్డట్టే. గుండిగలోంచి నీళ్ళు పొర్లుతున్నాయి. వెంట్రుకంత బీట వేలెడు వెడల్పయింది. అరుగు కిరకిరమంటోంది.

నాగరత్నం వానలోకి దూకింది. రెండు చేతులతో నీళ్ళు తోడి పారబోసింది. తోడినన్ని నీళ్ళు మళ్ళీ నిండాయి. మట్టి పెకలించి విసిరింది. గోళ్ళు ఊడేలా తవ్వింది. అడుగున చిల్లి పెడదామని పళ్ళతో కొరికింది. ఇత్తడి కదా, పన్ను కదిలిందే తప్ప గీత కూడా పడలేదు. అదే మట్టికుండ అయితే ఎప్పుడో పగలగొట్టి బరువు దించేసేది.

కిర్ర్... మంది అరుగు.

కింద సూరమ్మ పిల్లల్ని పొదువుకుని అక్కడే, సరిగ్గా బీట కిందే కూర్చుని ఉంది. పాత బీటే కదా అన్న ధీమా దానిది. ఆ ధీమా ఇచ్చింది ఎవరు? నాగరత్నమే. అయినా ఇంకొక్క దోసెడు తోడితే ఆగుతుందేమో, ఎవరికీ తెలియకుండానే గండం గట్టెక్కుతుందేమో అనిపించింది. మళ్ళీ కిర్రుమంది.

"అక్కా! సూరమ్మక్కా!" అని గొంతు చించుకుని అరిచింది. "అబద్ధం చెప్పానక్కా! అది పాత బీట కాదు! నా గుండిగ బరువుకి వచ్చింది! అరుగు విరిగిపోతోంది, పిల్లల్ని లోపలికి తీసుకుపో! పాపయ్య తాతా, కింద ఉంటే పక్కకి పో!"

సూరమ్మ గూట్లోంచి ఒక్క గంతేసి బయటికొచ్చింది. పిల్లల్ని చంకనేసుకోవడానికి పావురానికి చేతులుండవు. గూటి అంచుని ముక్కుతో పట్టుకుని వెనక్కి లాగింది. గూడు జానెడు జరిగింది. పుల్లలు ఊడిపోయాయి. మళ్ళీ పట్టుకుని లాగింది. ఒక పిల్ల గూటి అంచు మీదికి జారింది. దాన్ని రొమ్ముతో లోపలికి నెట్టి మూడోసారి లాగింది. గూడు బొరియలోకి వెళ్ళింది.

అప్పుడే పై అరుగు సగానికి విరిగింది. నాగరత్నం చేతికందిన వామాకు కొమ్మని నోట కరుచుకుని వెనక్కి దూకింది. రాయీ గుండిగా కలిసి కింది అరుగు మీద, అంతకు ముందు గూడున్న చోటే పడ్డాయి. అక్కణ్ణుంచి దొర్లుకుంటూ నేల మీదికి పోయాయి.

తర్వాత కింద నుంచి కీచు కీచుమని రెండు గొంతులు వినిపించాయి. ఒకటి కాదు, రెండు. నాగరత్నం కూలబడి భోరున ఏడ్చింది.

సూరమ్మ ఆ రోజు నాగరత్నంతో మాట్లాడలేదు. మర్నాడూ మాట్లాడలేదు. నేనైనా మాట్లాడను.

వామాకు కొమ్మ సంగతి చూస్తే మొదలంతా కుళ్ళిపోయింది. చివర రెండు కణుపులు మాత్రం గట్టిగా ఉన్నాయి. నాగరత్నం దాన్ని పట్టుకుని తల వంచుకుని పాపయ్య తాత దగ్గరికి వెళ్ళింది. తాత కుళ్ళిన భాగం గిల్లేసి, చివరి కొస దాని చేతిలో పెట్టాడు. కోతి సామాన్లలో మూల పడి ఉన్న చిల్లికుండని ముందుకి జరిపాడు.

నాగరత్నం కుండలో మట్టి సగమే నింపింది. నిండా నీళ్ళు పోసింది. చిల్లిలోంచి నీళ్ళు కారడం మొదలయ్యాక రెండు చేతులతో ఎత్తింది. ఎత్తగలిగింది. అయినా దించకుండా అలాగే మోసుకుంటూ సూరమ్మ ఇంటి ముందుకెళ్ళి నిలబడింది.

"అక్కా, ఇది నీ నెత్తి మీద పెడుతున్నాను. తడిపి ఎత్తి చూశాను. అరుగు చివర పెట్టను, లోపలి గోడకి ఆనించి పెడతాను. నువ్వు వద్దంటే పెట్టను."

సూరమ్మ బొరియలోంచి తల బయట పెట్టింది. అప్పుడు పై నుంచి మువ్వ దగ్గు వినిపించింది. సూరమ్మ బయటికి వచ్చి, కుండ చుట్టూ ఒకసారి తిరిగి, కింద వంగి చిల్లిని చూసింది.

"పెట్టుకో," అంది. "కానీ మళ్ళీ రాయి రాలితే?"

"నువ్వు అడక్కముందే నేనే చెబుతాను."

ఇరవై రోజులకి వామాకు చిగుళ్ళు వేసింది. మొదటి ఆకు రసం మువ్వ తాగింది. రెండో ఆకుని నాగరత్నం తీసుకెళ్ళి సూరమ్మ గుమ్మంలో పెట్టింది, తడిసిన పిల్లలకి ఎప్పుడైనా అక్కరకొస్తుందని. సొట్టలు పడ్డ గుండిగ కొండ కిందే ఉండిపోయింది. దారిన పోయే జంతువులన్నీ అందులో వాననీళ్ళు తాగుతాయి. నాగరత్నం కూడా తాగుతుంది. తాగినప్పుడల్లా తన మొహం అందులో కనిపిస్తుంది కానీ, ఇప్పుడు అంత బంగారంగా ఏమీ ఉండదు.

నీతి: ఏదైనా మెరుపు చూసి కాదు, తడిసినప్పటి బరువు చూసి ఎంచుకోవాలి, తప్పు జరిగితే అది కిందివాళ్ళ మీద పడకముందే మన నోటితో మనమే చెప్పాలి.