డేగిసాలోకి దిగని కొర్రమీను

ఏరుమద్ది అడవిలో జింకలు, కుందేళ్ళు, కోతులు, ఎలుగుబంట్లు ఉండేవి. ఆ అడవి మధ్యలో, మనుషులు ఎప్పుడో కట్టుకుని వదిలేసి పోయిన బంగళా ఒకటి ఉండేది. దాని వరండాలో ఒక పెద్ద గాజు తొట్టి ఉండేది. మనుషులు సరదాకి చేపలను పెంచుకునే తొట్టి అది.

ఆ ఏడు ఎండలకు వాగు ఎండిపోయింది. బురదలో కొట్టుకుంటున్న చేపలను చూసి గుట్టయ్య అనే ముసలి ఎలుగుబంటికి కడుపు తరుక్కుపోయింది. బంగళాలో దొరికిన బకెట్టుతో ఆఖరి మడుగులోని నీళ్ళన్నీ మోసి గాజు తొట్టి నింపాడు. చేపలను అందులో వదిలాడు. వానలు పడేదాకా వాటికి అదే వాగు.

చేపలకు పెద్ద గంభీరుడు అనే కొర్రమీను. మామూలు రోజుల్లో కొర్రమీను చిన్న చేపలను గుటుక్కున మింగుతుంది. తొట్టిలోకి వచ్చిన రోజున మాత్రం, "వానలు పడేదాకా ఎవరినీ ముట్టను" అని గంభీరుడు ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు నిలబెట్టుకున్నాడు కూడా. మంచివాడే. కాకపోతే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం.

గంభీరుడికి అప్పుడే పుట్టిన పిల్లలు ముప్పై మంది ఉన్నారు. ఎర్రగా, సన్నగా, అందరూ ఒకే గుంపుగా తిరిగేవాళ్ళు. వాళ్ళ తల్లి ఎండిన వాగులోనే చచ్చిపోయింది. అందుకని గంభీరుడు తిండి కూడా మానేసి ఆ గుంపు కిందే తిరుగుతూ కాపలా కాసేవాడు. ఆ పిల్లలంటే అతనికి ప్రాణం.

ఒకరోజు కొమ్మన్న అనే కోతికి వెలగకాయ దొరికింది. వెలగకాయ పెంకు గట్టిది. దేనికైనా వేసి కొడితే తప్ప పగలదు. దగ్గర్లో రాయి కనబడలేదు, తొట్టి కనబడింది. కోతి బుద్ధి కదా, ఇంకేం ఆలోచిస్తుంది! తొట్టి మూలకేసి ఒక్కటి కొట్టాడు.

కాయ పగల్లేదు. గాజు పగిలింది.

కింది మూలన వెంట్రుకంత గీత పడింది. ఆ గీతలోంచి నీళ్ళు చెమ్మగిల్లి, బొట్లుబొట్లుగా వరండా మీదికి కారసాగాయి. కొమ్మన్న బెదిరిపోయి గుట్టయ్య దగ్గరికి పరుగెత్తాడు.

గుట్టయ్య వచ్చి, వంగి, గీతను చూశాడు. వేలితో తడిమాడు. అతని ముఖం వాడిపోయింది.

"వానలకు ఇంకా ఇరవై రోజులుంది. ఇది ఇలాగే కారితే ఆరు రోజులు కూడా ఆగదు," అన్నాడు.

"మరి ఏం చేద్దాం మామా?" అన్నాడు కొమ్మన్న.

"ఏటి ఒడ్డున పడవలు బాగుచేసేవాళ్ళను చూశాను. పడవకు చిల్లు పడితే ముందు దాన్ని ఒడ్డుకు లాగి ఎండబెడతారు. తర్వాతే గుగ్గిలం కరిగించి చిల్లు పూడుస్తారు. ఇదీ అంతే. తొట్టిలో నీళ్ళు తోడెయ్యాలి. గాజు ఆరాలి. లోపలి వైపు నుంచి గుగ్గిలం, తేనెమైనం కలిపి పట్టించాలి. అది గట్టిపడటానికి మూడు రోజులు పడుతుంది."

గంభీరుడు నీటి పైకి వచ్చాడు. "నీళ్ళు తోడేస్తే మేమెక్కడ ఉండాలి?"

"అదిగో, ఆ వంటింటి గుమ్మంలో పెద్ద డేగిసా ఉందన్నా. మీరంతా అందులో పడతారు. ఇరుకే, కానీ మూడు రోజులేగా. మిగిలిన నీళ్ళు బకెట్లలో దాస్తాను. ఒక్క చుక్క పోనివ్వను."

డేగిసా అన్న మాట వినగానే చేపలన్నీ ఒక్కసారి తొట్టి అడుక్కు పోయాయి.

పిల్లలూ, చేపలకు ఒక ఆచారం ఉంది. గుడ్డులోంచి బయటపడిన రోజునే తల్లులు పిల్లలకు చెబుతారు. వల కనిపిస్తే పక్కకు తప్పుకోండి, గాలం కనిపిస్తే దూరంగా పొండి, వంటపాత్ర పేరు మాత్రం నోటితో పలకకండి అని. గుట్టయ్య ఎలుగుబంటి. పాపం, అతనికి ఈ సంగతి తెలియదు.

"చేపలను వంటపాత్రలోకి దిగమంటావా?" అని గంభీరుడు మండిపడ్డాడు. "అడుగున మసి ఇంకా పోలేదు దానికి! మా తాతలు ఎంతమంది అందులో ఉడికారో! చేపకు నీళ్ళు తీసేస్తానంటున్నావు, పైగా మేలు చేస్తున్నానంటున్నావు. నేనూ దిగను, నా వాళ్ళనూ దింపను."

"పొయ్యి ఆరిపోయి పదేళ్ళయింది అన్నా."

"ఆచారానికి పదేళ్ళేమిటి, నూరేళ్ళేమిటి!"

తప్పు చేసిన కొమ్మన్నకు ఇప్పుడు దాన్ని దిద్దుకోవాలని మహా తొందర. "నీళ్ళు తియ్యక్కర్లేదు. బయటి నుంచి తుమ్మబంక అతికిస్తాను. చిటికెలో పని!" అన్నాడు.

"బయట అంటించింది ఆగదురా," అన్నాడు గుట్టయ్య. "లోపల పెడితే నీళ్ళే దాన్ని పగుల్లోకి అదిమి పెడతాయి. బయట పెడితే ఆ నీళ్ళే దాన్ని ఊడదోస్తాయి. తడిసిన తుమ్మబంక సంగతి నీకు తెలీదా?"

కానీ గంభీరుడికి కొమ్మన్న మాటే తేనె పూసినట్టు వినబడింది. కష్టం లేని మందు ఎవరికి చేదు?

కొమ్మన్న బంక తెచ్చి దట్టంగా పులిమాడు. పైన ఒక మోదుగాకు కూడా అంటించాడు. కారడం ఆగింది. చేపలు గంతులు వేశాయి. "చూశావా గుట్టయ్యా!" అన్నాడు గంభీరుడు. ఆ పూటకు అది నిజమే.

మర్నాటికి బంక నాని కరిగిపోయింది. కొమ్మన్న మళ్ళీ పులిమాడు. అదీ కరిగింది. మూడోసారి పులిమాడు. పైన పటారం, లోన లొటారం. ఆకు కింద పగులు జానెడు పొడవు పెరిగింది. ఆకు అడ్డం ఉండటం వల్ల ఎవరికీ కనబడలేదు.

నీళ్ళు తగ్గుతూనే ఉన్నాయి. గుట్టయ్య కోసెడు దూరం నడిచి, వాగు ఇసుకలో చెలమ తవ్వి, రోజుకు ఒక బకెట్టు నీళ్ళు తెచ్చి పోసేవాడు. అంతకంటే ఆ చెలమలో ఊరేది కాదు. వచ్చిన ప్రతిసారీ గంభీరుణ్ణి బతిమాలేవాడు.

"పోనీ, పిల్లలనైనా డేగిసాలోకి పంపన్నా. నీకైతే గాలి పీల్చడం వచ్చు. బురదలో పడ్డా బతుకుతావు. వాళ్ళకు ఇంకా రాదు."

"నా పిల్లల సంగతి నాకు తెలుసు," అనేవాడు గంభీరుడు.

ఒకరి పిల్లలను వాళ్ళ ఇష్టం లేకుండా ఎత్తుకుపోకూడదన్నది ఆ అడవి పద్ధతి. గుట్టయ్య ఆ పద్ధతి దాటలేదు. దాటి ఉంటే ఎంత బాగుండేదో!

చేపల్లో రవ్వమ్మ అనే చేదుపరిగె ఉంది. వేలెడంత చేప. ఆమెకు ఏడుగురు పిల్లలు. నాలుగో రోజున ఆమె పైకి వచ్చింది.

"గుట్టయ్య మామా, నన్నూ నా పిల్లలనూ డేగిసాలో వెయ్యి."

"నీకు భయం లేదా అమ్మా?"

"ఎందుకు లేదు! మసి చూస్తేనే గుండె ఆగిపోతోంది. కానీ డేగిసాలో చావు వస్తుందేమోనని భయం. ఇక్కడ చావు రావడం కంటికి కనబడుతూనే ఉంది."

గుట్టయ్య ఆ రోజు తెచ్చిన బకెట్టు నీళ్ళు డేగిసాలో పోసి, ఆకుదొప్పతో ఎనిమిది మందినీ తీసి అందులో వదిలాడు. "పులుసులోకి దిగింది! దాని ముఖం ఇక చూడకండి," అని గంభీరుడు తక్కిన చేపలకు చెప్పాడు. అందరూ అటు తిరిగిపోయారు.

అయిదో రోజు మధ్యాహ్నం ఎండ వరండాలోకి వచ్చింది. గుట్టయ్య చెలమ దగ్గర ఉన్నాడు. వేడికి గాజు చిటపటమంది. మోదుగాకు ఊడి కింద పడింది. మరుక్షణం ఆ పక్క గాజు రెండుగా చీలిపోయింది. తొట్టిలోని నీళ్ళన్నీ ఒక్కసారి వరండా మీదికి దూకి, మెట్లు దిగి, ఎండిన నేలలోకి ఇంకిపోయాయి.

కాలుతున్న బండల మీద చేపలు ఎగిరెగిరి పడ్డాయి. కొమ్మన్న ఏడుస్తూ దొరికినవాళ్ళను దొరికినట్టు దోసిట్లో పట్టి డేగిసాలోకి విసిరాడు. అతనికి ఉన్నవి రెండే చేతులు. నలుగురు బతికారు.

గంభీరుడు బండల మీద పాకుతూ తన పిల్లల కోసం వెతికాడు. వాళ్ళు బండల సందులో ఉన్నారు. కాసేపు ఎర్రగా కదిలారు. "నోరు తెరవండి! గాలి పీల్చండి! ఇలా, నాలాగా!" అని గంభీరుడు అరిచాడు. వాళ్ళకు పీల్చడం రాలేదు. ఒక్కొక్కరే కదలడం మానేశారు. ముప్పై మందీ పోయారు. అతను మాత్రం బతికే ఉన్నాడు.

గుట్టయ్య నీళ్ళ బకెట్టుతో తిరిగి వచ్చి బకెట్టు కింద పెట్టాడు. గంభీరుణ్ణి రెండు చేతులా ఎత్తి డేగిసా దగ్గరికి తీసుకుపోయాడు. గంభీరుడు ఈసారి అందులోకి దిగాడు. లోపల చోటు కావలసినంత ఉంది. రవ్వమ్మ తన పిల్లలతో పక్కకు జరిగింది.

ఆ తర్వాత గుట్టయ్య గాజు ముక్కలను కడిగి, ఎండబెట్టి, లోపలి నుంచి గుగ్గిలం, మైనం పట్టించి అతికించాడు. సరిగ్గా మూడు రోజులు పట్టింది. తొలకరి వాన నీళ్ళు పట్టి తొట్టి నింపాడు. ఒక్క చుక్క కారలేదు. దాన్ని చూసి గుట్టయ్యకు సంతోషం కలగలేదు, ఏడుపొచ్చింది.

వారం తర్వాత వాగు పారింది. గుట్టయ్య డేగిసా దగ్గరికి బకెట్టు తెచ్చాడు. రవ్వమ్మ పిల్లలు అప్పటికే తల్లి అంత ఎదిగారు. బతికిన నలుగురితో కలిసి వాళ్ళు బకెట్లోకి గంతులేస్తూ దిగారు. గంభీరుడు మాత్రం కదల్లేదు.

"రా అన్నా, వాగు వచ్చింది," అన్నాడు గుట్టయ్య.

"నన్ను ఆ గాజు తొట్టిలో వదిలెయ్ గుట్టయ్యా."

"ఒక్కడివే అక్కడ ఏం చేస్తావు?"

"వాగులో నా పిల్లల ఈడువాళ్ళు ఉంటారు. ఇప్పుడు ఎంతెంత ఉండేవాళ్ళో వాళ్ళను చూస్తే తెలిసిపోతుంది. నేను చూడలేను."

నీతి: పగులును పైపైన కప్పితే దాగుతుంది, లోపల పూడిస్తేనే మానుతుంది, ఆ కష్టానికి వెనుకాడే పెద్దవాడి పంతానికి పిల్లలు బలైపోతారు.