పర్లపెట్ట పెట్టిన నీళ్ల పరీక్ష

వీరమ్మ దొడ్డి మీద ఆ సాయంత్రం ఉరిమిన ఉరుముకి గేదె పొదుగులోనే పాలు తోడుకున్నాయి. తాటిచెట్లు వంగి చెవులు మూసుకున్నాయి. గడ్డివాము రెండడుగులు పక్కకి జరిగి కూర్చుంది.

ఆ ఉరుములోనే పర్లపెట్ట పదకొండు గుడ్లు పొదుగుతోంది. ఒంటి నిండా నలుపూ తెలుపూ ఈకలు, బుర్ర నిండా ప్రశ్నలు. వానపాము దొరికినా తల ఏదో తోక ఏదో తేల్చుకున్నాకే మింగే రకం.

మర్నాడు వీరమ్మ గేదెకి గోరువెచ్చటి కుడితి పోసి కలుపుకి వెళ్లగానే నక్క వచ్చింది. లోపలికొస్తే గేదె కొమ్ములున్నాయి కాబట్టి ముళ్లకంచె అవతలే కూర్చుని, పరామర్శకి వచ్చినట్టు మొహం వేలాడేసింది.

పొదుగు గంపలో ఇనుపముక్క లేకపోతే ఉరుముకి గుడ్లు మురిగిపోతాయని ఆ ఊళ్లో నమ్మకం. వీరమ్మ ఎప్పుడూ ఓ తుప్పు మేకు వేసేది, ఈసారి మరిచిపోయింది. ఆ సంగతి నక్క కంచె సందులోంచే కనిపెట్టింది.

"ఉరిమిందిగా కోడలా, మేకు లేదుగా. అన్నీ మురిగిపోయి ఉంటాయి. కంచె కిందనుంచి ఒక్కొక్కటే ఇటు దొర్లించు, దూరంగా పాతిపెట్టి వస్తాను. మామని, ఆ మాత్రం చెయ్యనా."

పక్క గంపలో తెల్లపెట్ట అప్పటికే ఏడుపు లంకించుకుంది. దాని కన్నీళ్లలో బాతులు ఈదొచ్చు. తన తొమ్మిది గుడ్లలో ఒకదాన్ని గంప బయటికి నెట్టేసింది కూడా.

గోడమీద ఎర్ర ఈకల డేగపుంజు మెడ సాచింది. "నక్క నోట నిజం వస్తే నేను గుడ్డు పెడతాను. అన్నీ మంచివే, కూర్చోండి."

పర్లపెట్ట నక్కనీ పుంజునీ మార్చి మార్చి చూసింది.

"మురిగాయని నీకెలా తెలుసు మామా?"

"ఉరిమిందిగా."

"మంచివని నీకెలా తెలుసు?" అని పుంజుని అడిగింది.

"నక్క మురిగాయందిగా."

ఇద్దరిలో ఒక్కరూ ఒక్క గుడ్డునీ చూడలేదు. ఆ మాటకొస్తే తనకీ తెలియదు. మంచివాటిని దొర్లిస్తే పిల్లలు నక్క పొట్టలోకి పోతాయి. మురిగినవాటి మీద కూర్చుంటే ఒకటి పేలి మిగతావాటినీ పాడుచేస్తుంది.

పిల్లలు బయటికొచ్చే రెండ్రోజుల ముందు వీరమ్మ గుడ్లని గోరువెచ్చటి నీళ్లలో వేసి చూడడం దానికి గుర్తుంది. లోపల ప్రాణముంటే గుడ్డు ఊగుతుంది. ఆ రోజు సరిగ్గా అదే రోజు.

"కుడితి కాస్త ఆగి తాగు పెద్దమ్మా," అంది గేదెతో. "ఒక సంగతి చూడాలి."

కుడితి ఆపుకోవడమంటే గేదెకి ఊపిరి ఆపుకోవడమే. అయినా ఆగింది. నేలలో పాతిన కుడితి తొట్టిలోకి పర్లపెట్ట మొదటి గుడ్డుని దొర్లించింది. అది తేలి, కదలకుండా నిలబడింది. పర్లపెట్ట గుండె కొట్టుకునే చప్పుడుకి పొరుగు దొడ్డి కుక్క లేచింది. అంతలో గుడ్డు, లోపలెవరో పక్కమీద ఒత్తిగిల్లినట్టు, మెల్లగా ఊగింది.

గేదె మూతితో దాన్ని ఒడ్డుకి నెట్టింది. రెండోది ఊగింది, మూడోదీ ఊగింది. తెల్లపెట్ట ఏడుపు మింగి తనవీ తెచ్చింది. బయటికి నెట్టినదానితో సహా తొమ్మిదీ ఊగాయి. పర్లపెట్ట గుడ్లలో పది ఊగాయి, పదకొండోది మాత్రం కదల్లేదు. తీయించి మళ్లీ వేసింది. ఊహూఁ.

గోడమీద పుంజు చూపు తిప్పుకుంది.

"ఒక్కదాని విషయంలో నీ మాటే నిజం మామా," అని పర్లపెట్ట ఆ గుడ్డుని కంచె కిందకి దొర్లించింది. "పాతిపెట్టు."

నక్కకి నవ్వాగలేదు. మురిగిందన్నది తను అల్లిన అబద్ధమే కదా, గుడ్డు భేషుగ్గా ఉంటుందని దానికి గట్టి నమ్మకం. వాసనైనా చూడకుండా టక్కున కొరికింది.

అది పేలిన పేలుడు ముందు నిన్నటి ఉరుము ఉత్త దగ్గు. ఆ కంపుకి కాకులు పక్క జిల్లాకి వలసపోయాయి. నక్క నెల్లాళ్లు ఏట్లో మూతి నానబెట్టినా పెళ్లాం బొరియలోకి రానివ్వలేదు.

"అది ఉరుముకే మురిగిందా అక్కా?" అంది తెల్లపెట్ట.

"ఏమో, తెలియదు," అంది పర్లపెట్ట. "ఈసారి ఉరిమినప్పుడు చూద్దాం."

రెండ్రోజులకి పంతొమ్మిది పిల్లలు దొడ్డంతా పరిగెత్తాయి. వాటిలో ఒకటి, తల్లి చూపించిన మొదటి గింజని చూసి, ఇది నూకేనా అని అడిగింది. పొడిచి చూడు, తెలుస్తుంది అంది పర్లపెట్ట.

అనుమానించడమంటే కాదనడం కాదు, చూసేదాకా ఔననీ కాదనీ అనకపోవడం.