ఊటలోయ కాపలా

తారిణి వల్లే ఊటలోయ సగం కాలిపోయింది. ఆశ్రమంలో ఎవరూ ఆ మాట పైకి అనలేదు. అనకపోవడమే ఆమెకు మరీ కష్టంగా ఉంది.

వేసవిలో కార్చిచ్చు పాకకుండా ఆశ్రమం చుట్టూ ఉన్న కొండను కాపలా కాయడం అక్కడ అందరి సాధనలో భాగం. ఆ ఏడు ఎవరు ఎక్కడ నిలబడాలో నిర్ణయించే పని గురువు స్వామి నిర్మలబోధులు తారిణికి అప్పగించారు. ఉన్నదే కొద్దిమంది. వాళ్లను ఆమె కొండంతా సమానంగా పంచింది. నిప్పు ఊటలోయలోకి దిగినప్పుడు అక్కడున్నది ఒక్కరే. పచ్చికొమ్మ పట్టుకుని ఒక్క మనిషి ఎంత మంటని కొట్టి ఆర్పగలడు?

"నేను పక్షపాతం చూపలేదు స్వామీ," అంది తారిణి. "కొండలో ఏ మూల ఎక్కువ, ఏ మూల తక్కువ?"

"నువ్వే చూసి చెప్పు. పై వాలుకి వెళ్లి ఒడినిండా ఆకులు కోసుకురా. ఏ రెండూ ఒకే రకం కాకూడదు."

పై వాలు చాలా పెద్దది. తారిణి మధ్యాహ్నం దాకా ఎండలో తిరిగింది. ఎటు చూసినా అదే బోదగడ్డి, అవే తునికిచెట్లు. తిరిగొచ్చి కొంగు విప్పితే గుప్పెడు ఆకులు కూడా లేవు.

"అన్నం మానేసి తిరిగింది దీనికా?" స్వామి నవ్వారు. ఆమెను లోయలో కాలకుండా మిగిలిన వైపుకి తీసుకెళ్లి, ఊట పక్కన బండమీద కూర్చోబెట్టారు. "ఇప్పుడు కొయ్యి. లేవకు."

చెయ్యి చాపినంత మేరలోనే నాచు, నేలమీద పాకే మొక్కలు, బండ పగుళ్లలోంచి వేలాడే తీగలు, చెట్ల కాండాలమీద పట్టుకుని పెరిగే బదనికలు. ఒడి సగం నిండేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది.

"వీటిలో చాలావాటి పేర్లే నాకు తెలియవు స్వామీ."

"నాకూ తెలియవు. చుట్టుపక్కల కొండలన్నీ తిరిగాను. ఇంకెక్కడా వీటిని చూడలేదు."

తారిణి ఇంకో ఆకు తుంచలేదు.

మరుసటి వేసవిలో ఆమె అందరినీ ఊటలోయ చుట్టూనే నిలబెట్టింది. ఒకరోజు పై వాలు అంటుకుంది. తోటి శిష్యుడు శ్రీపాదం పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, కొండ తగలబడుతుంటే ఇక్కడేం చేస్తున్నారు? పదండి అందరూ!"

"అక్కడ గడ్డి వానకి మళ్లీ మొలుస్తుంది. నువ్వు నిప్పు ఇటు పాకకుండా ఇక్కడ ఎండుటాకులు ఊడ్చు."

"అంత వాలు వదిలేసి ఈ గుంటకి ఇంతమందా? నవ్విపోతారు!"

"నవ్వనీ. చీపురు అందుకో."

ఆ రోజు లోయ దగ్గర్నుంచి ఒక్క మనిషినీ ఆమె కదలనివ్వలేదు. తర్వాత ఏ వేసవిలోనూ కదలనివ్వలేదు.