విరూపాక్షంగారి ఏఐ వేసిన జోకు

సింహాద్రి అప్పన్న మిమ్మల్ని చల్లగా చూడాలి, వినండి.

విరూపాక్షంగారికి ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉండేది. ఓనాడు విలేకరులను పిలిచి, "మా ఆఫీసులో మనుషులు ఒక్క అక్షరం రాయరు. అంతా ఏఐ రాస్తుంది" అని గొప్పగా చెప్పారు.

అంతలో గోడమీది తెరపై, టెక్ వార్తలమీద ఆ ఆఫీసు డెవలపర్లు జోకులేసుకునే గ్రూపులో, పేరు లేని మెసేజ్ ఒకటి పడింది: "ఏఐ అందరి పనీ నేర్చుకుందట. మా బాసు పనేమిటో మాత్రం ఎంత వెతికినా దొరకలేదట!"

ఆయన మొహం జేవురించింది. "ఎవరు రాశారిది? వాళ్ల ఉద్యోగం ఇప్పుడే పీకేస్తా!"

అది రాసిన డెవలపర్ నూకరత్నమే లేచింది. "అదేంటి సార్, ఇక్కడ మనుషులు రాయరన్నారుగా? పీకితే ఏఐనే పీకాలి మరి."

విలేకరులు ఆయనకేసి చూశారు. విరూపాక్షంగారు వెంటనే, "చూశారా, మా ఏఐకి హాస్యం కూడా వచ్చు!" అంటూ ఆ జోకును తానే గట్టిగా చదివి వినిపించారు.