గోడ మీద పిండి మరక

కరెంటు పని నేర్పే జిలానీ మాస్టారు అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పగా తుని ఊళ్లో చూసినవాళ్లు లేరు. ఏదడిగినా చెవి మీది పెన్సిలు తీసి వీపు గోక్కుని, "చూద్దాం" అనేవాడు. ఆ చూద్దాం కోసం కూర్చుని తల నెరిసిన శిష్యులు వందమందైనా ఉంటారు.

కొత్త శిష్యురాలు నూకరత్నానికి అంత ఓపిక లేదు. వరహాలమ్మ ఇడ్లీ హోటలు వంటింట్లో రత్నం చేసే పని నచ్చితేనే, వైరింగు పర్మిట్ కాగితం మీద మాస్టారు సంతకం పెడతాడు.

"గ్రైండరుకీ, ఓవెనుకీ, ఫ్రిజ్జుకీ విడివిడిగా ఆపే స్విచ్చులు ఎలా ఎంచుకోవాలి మాస్టారూ? ఇరవై ఆంపులా, ముప్పై రెండా?"

"చూద్దాం."

రత్నం ముప్పై రెండే కొంది. ఒక్కొక్కటీ జిల్లా మొత్తం చీకటి చేసేంత స్విచ్చు. దాని ఎర్రదీపం అన్నవరం కొండమీదికి కనిపిస్తుంది. గుమ్మం పక్కనున్న గ్రైండరు పాత స్విచ్చు పీకి, గోడ పూడ్చి సున్నం వేసి, కొత్తవి మూడూ గ్రైండరు వెనక గోడకి ముత్యాల్లా వరసగా బిగించింది.

మాస్టారు పని చూడ్డానికి వచ్చి గుమ్మంలో, మెయిను స్విచ్చు కింద నిలబడ్డాడు. ఆ పక్కనే వరహాలమ్మ పిండి ఎగదోస్తుంటే పైటచెంగు జారి గ్రైండరులో చుట్టుకుంది. ఒక చేయి నిండా పిండి, రెండో చేతిలో చెంగు.

"కట్టెయ్యవే, కట్టెయ్!"

ఆ కేకకి కాకినాడలో ఓడలు ఆగే ఉంటాయి. రత్నం ఉరికింది. స్విచ్చుకీ తనకీ మధ్య గ్రైండరూ, వరహాలమ్మా అడ్డం. మాస్టారు మెయిను దించేశాడు.

వరహాలమ్మ చిరిగిన చెంగు విదిలించి, "పదకొండేళ్లుగా గుమ్మం పక్కనే ఉండేది కదే! మోచేత్తో ఒక్క పోటు పొడిస్తే ఆగి ఊరుకునేది. ఏం చేశావే దాన్ని?" అంది.

"అది పాతదండీ. ఇవి ముప్పై రెండు ఆంపులు..." రత్నం గ్రైండరు వెనక గోడకేసి చూపించింది.

మాస్టారు సంతకం పెట్టకుండానే కాగితం మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం పక్క కొత్త సున్నం మీద, వరహాలమ్మ మోచెయ్యి గుడ్డిగా మూడుసార్లు పొడిచినచోట, పిండి మరక తడితడిగా మెరుస్తోంది. చెవి మీది పెన్సిలు తీసి దాని చుట్టూ సున్నా చుట్టాడు.

"ఆంపులు డబ్బా మీద రాసుంటాయమ్మాయ్. స్విచ్చు చోటు ఈవిడ రాసిచ్చింది. పిండి ఎండకముందే చదువుకో."